‘షుగర్ నిల్’ అన్న రిపోర్ట్, మా పాప గెలాక్టోసీమియా: నా అనుభవం

నిన్న సాయంత్రం హైదరాబాద్ ల్యాబ్ నుంచి మా పాప ఎంజైమ్ రిపోర్ట్ వచ్చింది. క్లాసిక్ గెలాక్టోసీమియా, అంటే పాలలోంచి వచ్చే గెలాక్టోజ్ అనే చక్కెరను శరీరం వాడుకోలేని పుట్టు జబ్బు. పేరు వింటేనే భయం వేస్తుంది గానీ నాకు మాత్రం గుండెల మీద బరువు దిగింది. జబ్బేమిటో తెలిసింది, ఏం పెట్టకూడదో తెలిసింది, పాప కోలుకుంటోంది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అది చల్లారితే కొన్ని విషయాలు మెత్తగా రాసేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నా.

కాన్పు గుంటూరులోనే జరిగింది, ఏ ఇబ్బందీ లేదు. పాప మంచి బరువుతో పుట్టింది. తర్వాత కామెర్లు వచ్చాయి, లైట్ కింద పెట్టారు, తగ్గాయన్నారు, ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక మళ్లీ పెరిగాయి. పాలు తాగిన ప్రతిసారీ వాంతి. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు పడుకునేది. చూడటానికి వచ్చినవాళ్లంతా ‘పసిపిల్లలకు మామూలే, పొద్దుటి ఎండలో పెట్టండి’ అని చెప్పి వెళ్లారు. బరువు చూస్తే పుట్టినప్పటికంటే తగ్గింది. అది మాత్రం మామూలు కాదని మా ఆవిడ పట్టుబట్టింది. కొత్తపేటలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆవిడ వయసులో చిన్నదే గానీ చెయ్యి తిరిగిన డాక్టర్. పాప పొట్ట నొక్కి కాలేయం పెరిగిందన్నారు. టార్చి వేసి కళ్లలోకి చాలాసేపు చూశారు. రక్త పరీక్షలతో పాటు చీటీ మీద ఇంకో పరీక్ష రాసి కింద రెండు గీతలు గీశారు. మూత్రంలో రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్, అంటే క్షయకరణం చేసే చక్కెరల్లాంటి పదార్థాలు, రాగి ద్రావణం రంగు మారడాన్ని చూసే బెనెడిక్ట్ పద్ధతిలో. ‘పాప పాలు తాగుతుండగానే శాంపిల్ తీయించండి. రిపోర్ట్ ఈ పూటే కావాలి. దాన్ని బట్టే పాలు ఆపాలా వద్దా చెప్తాను’ అన్నారు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. బెనెడిక్ట్ పరీక్ష ఏటా నా చేతుల మీద జరిగేదే. అందుకే ఆ చీటీ చూడగానే ఆవిడ దేన్ని అనుమానిస్తున్నారో నాకు అర్థమైంది, కాళ్లలో వణుకు వచ్చింది.

పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాములు ఉంటుంది. పేగులో అది రెండు ముక్కలవుతుంది. ఒకటి గ్లూకోజ్, రెండోది గెలాక్టోజ్. రెండిటికీ ఫార్ములా ఒకటే, C₆H₁₂O₆. తేడా అంతా నాలుగో కార్బన్ దగ్గరే. అక్కడి హైడ్రాక్సిల్ గుంపు గ్లూకోజ్‌లో ఒక వైపు ఉంటే గెలాక్టోజ్‌లో రెండో వైపు ఉంటుంది. అంతే. కానీ శరీరానికి అది చిన్న తేడా కాదు. గెలాక్టోజ్‌ను వాడుకోవాలంటే కాలేయం దాన్ని గ్లూకోజ్ దారిలోకి మళ్లించాలి. ఆ దారి కనిపెట్టిన అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్‌కు 1970లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అందులో గాల్ట్ అనే ఎంజైమ్ ఒకటుంది. అది పనిచేయని బిడ్డలో గెలాక్టోజ్-1-ఫాస్ఫేట్ పేరుకుపోతుంది, కాలేయమూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. మిగిలిన గెలాక్టోజ్‌లో కొంత గెలాక్టిటాల్‌గా మారి కంటి కటకంలో చేరి నీటిని లాక్కుంటుంది, శుక్లం వస్తుంది. టార్చి అందుకే వేశారు. బిడ్డను పోషించాల్సిన పాలే గుక్కగుక్కకూ బిడ్డకు హాని చేస్తాయి. అందుకే ఆ రిపోర్ట్ ఆ పూటే కావాలి.

ఇక ల్యాబ్. పేరు రాయను. ఊళ్లో అందరికీ తెలిసిన ల్యాబే, బయట పెద్ద బోర్డు, లోపల ఏసీ. నర్సమ్మ సాయంతో యూరిన్ బ్యాగ్ అంటించి శాంపిల్ పట్టి తీసుకెళ్లాను. డబ్బు కట్టించుకున్నారు, రసీదు మీద రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్ అనే ప్రింట్ చేశారు. రిపోర్ట్ చాలా త్వరగా చేతికొచ్చింది. ఒక్క లైను. ‘యూరిన్ షుగర్: నిల్’.

నిల్ అని చూసి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అనుమానం. బెనెడిక్ట్ చేస్తే నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు, వీటిలో ఏ రంగు వచ్చిందో రాస్తారు. ఇందులో రంగు ఊసే లేదు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయిని, ‘తమ్ముడూ, ఇది స్ట్రిప్‌తో చేశారా, బెనెడిక్ట్‌తో చేశారా?’ అని అడిగా. ‘స్ట్రిప్పే సార్. రెండూ ఒకటే, షుగర్ కోసమేగా’ అన్నాడు.

ఒకటి కాదు. మూత్రం స్ట్రిప్ మీద ఉండేది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. అది గ్లూకోజ్‌ను మాత్రమే పట్టుకుంటుంది. గెలాక్టోజ్ ఎంత ఉన్నా దాని రంగు మారదు. బెనెడిక్ట్ ద్రావణంలో ఉండేది రాగి. కాపర్ సల్ఫేట్, సోడియం సిట్రేట్, సోడియం కార్బనేట్ కలిపి చేస్తారు. ఆల్డిహైడ్ గుంపు ఖాళీగా ఉన్న ఏ చక్కెరైనా వేడి మీద ఆ రాగిని క్షయకరణం చేసి ఎర్రటి క్యుప్రస్ ఆక్సైడ్‌గా దించేస్తుంది. గెలాక్టోజ్ కూడా. డాక్టరమ్మ రెండు గీతలు గీసింది ఈ తేడా కోసమే. ఇదంతా కౌంటర్ దగ్గర నిలబడి నెమ్మదిగా చెప్పాను. ఆ అబ్బాయి లోపలికెళ్లి ఇన్‌ఛార్జిని పిలుచుకొచ్చాడు.

ఆయన రిపోర్ట్ చేతిలోకి కూడా తీసుకోలేదు. ‘ఏందండీ గొడవ? పాపకు షుగర్ లేదని రాస్తే సంతోషించాల్సింది పోయి, ఉందని రాయమంటారా?’ అన్నాడు. నేను మళ్లీ మొదలుపెట్టా. ‘మీరు డాక్టరా?’ అన్నాడు. కాదు, కెమిస్ట్రీ లెక్చరర్‌నన్నా. హాల్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, ‘మాస్టారూ, పాఠాలు కాలేజీలో చెప్పుకోండి. ఇక్కడ మిషన్లు ఉన్నాయి. బెనెడిక్ట్‌లు, పరీక్ష నాళికలు ఎప్పుడో పోయాయి’ అన్నాడు. కుర్చీల్లో ఎవరో నవ్వారు. వెనకనుంచి ఒకాయన ‘కొంచెం జరగండి సార్, మా టైమ్ అయిపోతోంది’ అని నన్ను పక్కకు నెట్టాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన సమీకరణం అది. నా దగ్గర చదివిన పిల్లలు ఈ ఊళ్లో ఎన్ని ల్యాబుల్లో పనిచేస్తున్నారో నాకే తెలియదు. అంతమందిలో, నా బిడ్డ ప్రాణం మీదకొచ్చిన పూట, నేనేదో అతి తెలివి చూపిస్తున్నట్టు నిలబెట్టారు.

డబ్బు తిరిగి ఇవ్వమన్నా, ఇవ్వలేదు. పరీక్ష చేయలేదని రాసివ్వమన్నా, దానికీ ఒప్పుకోలేదు. చేయని పరీక్షకు డబ్బు తీసుకోవడం ఒక తప్పు. చేయలేదని చెప్పకుండా ‘నిల్’ అని రాయడం అంతకంటే పెద్ద తప్పు. ఆ కాగితం తీసుకెళ్లి ఇస్తే, పరీక్ష బాగానే ఉందనుకుని పాలు కొనసాగించే అవకాశం ఉంది. రసాయనం తెలియని తండ్రి అయితే ఏం చేసేవాడు? ఇంటికెళ్లి దేవుడికి దణ్ణం పెట్టుకుని బిడ్డకు మళ్లీ పాలు పట్టించేవాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అక్కడ వాదిస్తూ కూర్చోలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఓపీలో ఉండి ఎత్తలేదు. కాలేజీకి సెలవు. అటెండర్‌కు ఫోన్ చేసి ల్యాబ్ తాళం తీయించా. నర్సమ్మను బతిమాలి పట్టించిన కొత్త శాంపిల్ అప్పటికే చేతిలో ఉంది. నాలుగు నాళికలు పెట్టా. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో గ్లూకోజ్, ఒకదాంట్లో పంచదార నీళ్లు, నాలుగోదాంట్లో పాప మూత్రం. ఒక్కోదాంట్లో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణానికి 8 చుక్కలు. మరిగే నీళ్లలో నిలబెట్టా. నీళ్లది నీలంగానే ఉంది. పంచదారదీ నీలమే. సుక్రోజ్‌కు క్షయకరణ గుణం లేదు, అది మారకూడదు కూడా. గ్లూకోజ్ ఎర్రబడింది. పాపది ముందు ఆకుపచ్చగా తిరిగి, చూస్తుండగానే ఇటుక రంగు అడుగున దిగింది. పక్కనే గ్లూకోజ్ స్ట్రిప్ ముంచితే రంగు మారలేదు. అంటే క్షయకరణం చేసే చక్కెర ఉంది, అది గ్లూకోజ్ కాదు.

ఇంట్లో ఎవరూ ఇలా చేసుకుని తీర్పులు ఇచ్చుకోవద్దు. విటమిన్ సి, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా బెనెడిక్ట్‌ను ఎర్రబరుస్తాయి. పాపకు అప్పటికి యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు గనుక నాకు ఆ అనుమానం లేదు. ఫ్రక్టోజ్ ఉన్నా, లాక్టోజ్ ఉన్నా అదే రంగు వస్తుంది. నేను చేసింది డాక్టర్‌కు చూపించడానికే.

నాళికలకు తీసిన ఫోటోలు చూడగానే డాక్టరమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాలు ఆ నిమిషమే ఆపించారు, సెలైన్ పెట్టారు. తర్వాతవి చకచకా జరిగాయి. కంటి డాక్టర్ కటకంలో మసక మొదలైందని, ఇప్పుడే ఆపేశారు గనుక తగ్గే అవకాశం ఉందని చెప్పారు. పాపకు రక్తం ఎక్కించాల్సి రావొచ్చని ఎంజైమ్ పరీక్షకు శాంపిల్ ముందే తీసేశారు. ఇది గుర్తుపెట్టుకోండి. గాల్ట్ పరీక్ష ఎర్ర రక్తకణాల మీద చేస్తారు. రక్తం ఎక్కించాక చేస్తే దాత కణాల ఎంజైమ్ కనపడి రిపోర్ట్ మామూలుగా ఉన్నట్టు వస్తుంది. మీ డాక్టర్ మర్చిపోతే మీరు గుర్తుచేయండి, మొహమాటపడొద్దు.

పాలు ఆపాక వాంతులు ఆగిపోయాయి. కామెర్లు నెమ్మదిగా తగ్గుతున్నాయి.

ఇంటి దగ్గర కష్టం వేరు. అత్తయ్య గారు మంచి మనిషి, కానీ తల్లిపాలు ఆపడమంటే ఆవిడకు మింగుడుపడలేదు. పాలకు బదులు పాపకు పట్టే సోయా పొడి డబ్బా మీద ‘తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠం’ అని చట్టప్రకారం వేసి ఉంటుంది. ఆ లైను చదివి మా ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. చూడటానికి వచ్చిన ఒకావిడ ‘పాలు పడలేదా అమ్మాయికి?’ అని అడిగి వెళ్లింది. ఇలా అడిగేవాళ్లకు ఒకటే చెప్తున్నా. ఇది తల్లి లోపం కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పనిచేయని జన్యువులు రెండూ కలిస్తేనే వస్తుంది. ఇందులో నా వాటా సగం. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకో సంగతి. లాక్టోజ్ ఫ్రీ అని రాసి అమ్మే పాలు ఈ పిల్లలకు పనికిరావు. వాటిలో లాక్టోజ్‌ను ముందే విడగొడతారు, గెలాక్టోజ్ అందులోనే ఉంటుంది. ఓ మెడికల్ షాపాయన నాకు అవే ఇవ్వబోయాడు. పెరుగు, మజ్జిగ, పాలపొడి కలిసిన బిస్కెట్లు, పంచామృతం ఏవీ కుదరవు. చాలా మాత్రల్లో పూరకంగా లాక్టోజ్ కలుపుతారు, కాబట్టి ప్రతి మందు అట్ట మీదా ఏమేం కలిపారో చదవాల్సిందే. పాలు ఉండవు గనుక కాల్షియం విడిగా ఇవ్వాలన్నారు. అన్నప్రాశన పాయసం కొబ్బరిపాలతో చేస్తామని ఇప్పటినుంచే బంధువులకు చెప్తున్నా.

ఎంత జాగ్రత్తగా ఉన్నా శరీరం సొంతంగా కొంత గెలాక్టోజ్ తయారుచేసుకుంటుంది. అందుకే పాప మాటలు, చదువు, పెద్దయ్యాక అండాశయాల పని, వీటి మీద డాక్టర్లు ఏళ్ల తరబడి కన్నేసి ఉంచాలి. అదంతా విన్నాం, సిద్ధంగా ఉన్నాం. ఇంకో బిడ్డ అనుకుంటే ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం ఉంటుందని, ముందే జన్యు పరీక్ష చేయించుకోమని చెప్పారు.

కొత్తగా తల్లిదండ్రులు కాబోయేవాళ్లు మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే నవజాత పరీక్ష గురించి ఆసుపత్రిలో ముందే అడగండి, మన దగ్గర చాలాచోట్ల అడిగితేనే చేస్తారు. రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్ రాసిచ్చారంటే డబ్బు కట్టేముందే ‘ఏ పద్ధతిలో చేస్తారు?’ అని అడగండి, స్ట్రిప్ అంటే రసీదు తీసుకోకుండా బయటికొచ్చేయండి. సోయా పొడి మాకు గుంటూరులో అడిగిన షాపుల్లో స్టాక్ లేదు, చివరికి విజయవాడ నుంచి తెప్పించుకున్నాం. ఒక డబ్బా సగానికి రాకముందే రెండోదానికి చెప్పిపెట్టుకోండి.