త కాదు, ట అసలే కాదు

రియాద్‌కొచ్చాక అరబిక్ మొదలుపెట్టా. లిపి గురించి టెన్షన్ పడ్డా గానీ అది తేలిగ్గానే వచ్చేసింది. ప్రాణం తీసేవి సాద్, దాద్, తా, జా అనే నాలుగు బరువు హల్లులు.

'తీన్' అంటే అంజీర్ పండు. అదే త బరువుగా పలికితే మట్టి! మన చెవికి ఆ రెండోది ట లాగా వినిపిస్తుంది. కానీ ట అనాలంటే నాలుక కొస వెనక్కి మడవాలి. ఇక్కడ కొస పళ్ల దగ్గరే ఉంటుంది, నాలుక మొదలు మాత్రం వెనక్కి జరిగి గొంతు ఇరుకవుతుంది. దాంతో పక్కనున్న అచ్చు రంగు కూడా మారుతుంది: 'ఆ' బాగా లోతుగా, కాస్త 'ఓ' వైపు వాలినట్టు. నిజానికి నా చెవికి హల్లు కన్నా ముందు చిక్కింది ఆ అచ్చే.

8వ శతాబ్దపు వ్యాకరణవేత్త సీబవైహ్ ఈ నాలుగింటినీ అప్పుడే ఒక గుంపుగా వేరుచేశాడు. ఎక్స్‌రేలు లేని కాలంలో, కేవలం తన నోటిని గమనించుకుని! ఎంత ఓపికో.

ఉర్దూలో ఈ అక్షరాలు రాతలో ఉన్నాయి, పలుకులో ఆ బరువు లేదు. అందుకే మన హైదరాబాద్‌లో రంజాన్, ఇక్కడ రమదాన్. నా 'దాద్' వింటే మా ఈజిప్టు కొలీగ్‌కి ఇప్పటికీ నవ్వాగదు. నవ్వుకోనీ, బ్యాంకులో 'బితాకా' అంటే కార్డు చేతికిస్తున్నారు కదా.