రాడార్ చిత్రంలో ఒక తెల్లని చుక్క

విమానం నుంచి సేకరించిన సింథటిక్ అపర్చర్ రాడార్ సమాచారాన్ని ఈ వారం మొదటిసారి నా చేతులతో చిత్రంగా మలిచాను. తెరవగానే కనిపించింది బూడిదరంగు చుక్కల ముసురు మాత్రమే. ఈ రాడార్ ఎగురుతూ పంపిన వేలాది రేడియో పల్స్‌ల ప్రతిధ్వనులను ఫేజ్‌తో, అంటే తరంగం ఏ దశలో తిరిగొచ్చిందో ఆ వివరంతో సహా కలిపితే, ఒక చిన్న ఆంటెన్నా వందల మీటర్ల ఆంటెన్నాలా పనిచేస్తుంది. 1951లో కార్ల్ వైలీ ఊహించిన ఈ సూత్రం ఇప్పటికీ నాకు అద్భుతంగానే తోస్తుంది.

అయితే నా తొలి చిత్రం మసకబారింది. ఉపగ్రహం నిలకడైన కక్ష్యలో సాగుతుంది, విమానాన్ని మాత్రం గాలి ఊపుతూనే ఉంటుంది. మా రాడార్ వాడే ఎల్-బ్యాండ్ రేడియో తరంగాల తరంగదైర్ఘ్యం సుమారు 24 సెంటీమీటర్లు కాబట్టి, విమానం లక్ష్యం వైపు 3 సెంటీమీటర్లు జరిగినా రానుపోను 6 సెంటీమీటర్ల తేడా, అంటే తరంగంలో పావు వంతు తేడా వస్తుంది. అందుకే ఈ కదలికలను జీపీఎస్‌తో కొలిచి లెక్కలో సరిచేస్తాం. జీపీఎస్ ఆంటెన్నాకూ రాడార్ ఆంటెన్నాకూ మధ్య దూరాన్ని నమోదు చేసేటప్పుడు ఒక గుర్తును ప్లస్‌కు బదులు మైనస్‌గా వేశానని తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది.

సరిదిద్దాక, మేము మైదానంలో నిలిపిన కార్నర్ రిఫ్లెక్టర్, అంటే రాడార్ తరంగాలను వచ్చిన దిక్కుకే తిప్పి పంపే పరికరం, కనిపించింది. లంబంగా కలిపిన మూడు అల్యూమినియం పలకలు, వాననీరు నిలవకుండా అడుగున ఒక రంధ్రం, దిక్సూచి పట్టుకుని కోణం సరిచూసిన ఆ మధ్యాహ్నం, ఇవన్నీ చీకటి నేపథ్యంలో శిలువ ఆకారపు మెరుపుతో ఒక్క తెల్లని చుక్కగా నిలిచాయి. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.