డ్రమ్ము తిరుగుతోంది, వేడి రావట్లేదు: డల్లాస్‌లో మా డ్రయ్యర్ రిపేరు

గంటసేపు తిరిగినా జీన్సులు తడితడిగానే ఉన్నాయి. డ్రమ్ము బాగానే తిరుగుతోంది, లోపల మాత్రం చల్లగా ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మ "పెరట్లో దండెం కడితే పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకురా" అంది. మా కమ్యూనిటీ రూల్స్ దండేనికి ఒప్పుకోవు. రిపేరు మనిషి వచ్చి చూసినందుకే వంద డాలర్ల పైన అడుగుతున్నాడు. ముందు మనమే చూద్దాం అనుకున్నాను.

ఇక్కడి కరెంటు డ్రయ్యర్‌కి 240 వోల్టులు కావాలి. అవి 120 చొప్పున రెండు లైన్లుగా వస్తాయి. మోటారుకి ఒక్క లైను చాలు, హీటర్‌కి రెండూ ఉండాలి. అంటే ఒక లైను పోయినా డ్రమ్ము తిరుగుతూ మనల్ని మభ్యపెడుతుంది. అందుకే ముందు ప్యానెల్లో 30 ఆంపుల జంట బ్రేకర్ని పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాను. తేడా లేదు.

ప్లగ్గు పీకేసి, మిషన్ని ముందుకు లాగి వెనక రేకు విప్పాను. మా మోడల్లో ఫ్యాన్ దగ్గరి థర్మల్ ఫ్యూజ్ (మరీ వేడెక్కితే తెగిపోయే ఫ్యూజ్) పోతే మోటారే స్టార్ట్ కాదు, కాబట్టి దాని జోలికి పోలేదు. హీటర్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెడితే 10 ఓమ్‌లకి కాస్త అటూ ఇటూగా చూపించింది. కాయిల్ తెగలేదన్నమాట. హీటర్ డబ్బా మీద రూపాయి బిళ్లంత థర్మల్ కటాఫ్ ఉంటుంది, వేడి హద్దు మీరితే హీటర్‌కి కరెంటు తెంచేసేది. దాని రెండు కొసలకీ మీటర్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. దొంగ దొరికాడు.

కటాఫ్, హై లిమిట్ థర్మోస్టాట్ (వేడి ఎక్కువైతే హీటర్‌ని ఆపే స్విచ్చి) ఒకే ప్యాకెట్లో అమ్ముతారు. రెండూ మార్చేయడమే మంచిది. బిగించడం స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేసే పనే.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. కటాఫ్ ఊరికే పోదు. వేడిగాలి బయటికి పోయే దారి లేక డబ్బా ఉడికిపోతే, అది తను కాలిపోయి ఇంటిని కాపాడుతుంది. దారి తియ్యకపోతే కొత్తదీ అదే గతి. మిషన్ వెనక రేకు కాగితంలాంటి ముడతల గొట్టం గోడకి నొక్కుకుపోయి చపాతీలా అయింది. గోడలోని నాలుగంగుళాల గొట్టంలోకి డ్రిల్లుకి తగిలించిన బ్రష్ పంపాను. ఈ బ్రష్‌ని ఎప్పుడూ కుడివైపే తిప్పాలి, ఎడమకి తిప్పితే కడ్డీల మరలు ఊడి బ్రష్ లోపలే ఉండిపోతుంది. బూడిదరంగు లింట్, అంటే బట్టల నుంచి రాలే నూగు, గుప్పెళ్లకొద్దీ వచ్చింది, మధ్యమధ్య అమ్మ కొత్త కాటన్ చీర ఎర్ర నూగు కూడా. బయటి మూత దగ్గర ఎవరో పిట్టలు రాకుండా కొట్టిన జాలీ నిండా అదే. జాలీ పీకేశాను. లింట్ ఆగిపోతుందనే అక్కడ జాలీ పెట్టకూడదంటారు.

ఇది నవ్వులాట కాదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008-10 లెక్కల్లో ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ వల్ల మంటలు లేచాయి. శుభ్రం చేయకపోవడమే ముఖ్య కారణం.

ముడతల గొట్టం బదులు గట్టి రేకు గొట్టం వేసి, కీళ్లకి ఫాయిల్ టేపు చుట్టాను. స్క్రూలు కొడితే వాటి మొనలకి మళ్లీ లింట్ చిక్కుకుంటుంది. ఇప్పుడు మిషన్ వేసి బయటికెళ్తే మూత పూర్తిగా తెరుచుకుని వేడిగాలి చేతికి కొడుతోంది. టవళ్లు ఒక్క సైకిల్లోనే ఆరిపోతున్నాయి.

గ్యాస్ డ్రయ్యర్ ఉన్నవాళ్లకి ఇందులో గొట్టం సంగతి వరకూ పనికొస్తుంది. గ్యాస్ లైను నేనైతే ముట్టుకోను.