రాణిగారికి జై కొడుతూనే తిరుగుబాటు

రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) గురించి చదివినప్పుడల్లా నాకు ఆ 1965 నవంబర్ 11 నాటి కాగితమే గుర్తొస్తుంది. అప్పటికి అది బ్రిటన్ వలస, అక్కడి ప్రధాని ఇయాన్ స్మిత్ నడిపిన తెల్లవాళ్ళ ప్రభుత్వం బ్రిటన్‌ను కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆ ప్రకటనను అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చూసే రాసుకున్నారు, కానీ 'మనుషులంతా సమానం' అన్న ముక్క మాత్రం ఎగరగొట్టేశారు, చివర్లో మళ్ళీ 'దేవుడు రాణిని కాపాడుగాక' అని కూడా రాశారు! తెగించి గోడ దూకుతూ ఇంటాయనకు దండం పెట్టినట్టుంది.

అసలు గొడవంతా భూమిది. నూటికి ఐదుగురు కూడా లేని తెల్లవాళ్ళకు 1930 చట్టం దాదాపు సగం దేశాన్ని రాసిచ్చేసింది, నల్లవాళ్ళను రిజర్వుల్లోకి, అంటే వాళ్ళకంటూ విడిగా కేటాయించిన ప్రాంతాల్లోకి నెట్టింది. ఇక యుద్ధం రాక ఏమవుతుంది?

తెల్లవాళ్ళ ప్రభుత్వంపై పోరాడుతున్న నల్లజాతి గెరిల్లాలకు తిండి అందకూడదని 1973 నుంచి ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేయించి కంచెల మధ్య కుక్కారు. పొద్దున గేటు తీస్తే పొలానికి పోవాలి, చీకటి పడేలోపు తిరిగి రావాలి, ఆలస్యమైతే కర్ఫ్యూ, కాల్చినా అడిగేవాడు లేడు. దీనికి 'రక్షిత గ్రామాలు' అని పేరు, ఎవరి నుంచి ఎవరికి రక్షణో మరి.

1975లో పక్కనున్న మొజాంబిక్ స్వతంత్రమై గెరిల్లాలకు అండగా నిలిచాక స్మిత్ పని అయిపోయినట్టే. 1979 చివర్లో లండన్‌లో, లాంకస్టర్ హౌస్‌లో ఒప్పందం కుదిరింది, 1980 ఏప్రిల్ 18న జింబాబ్వే పుట్టింది. భూమి మాత్రం అప్పటికి చాలావరకు ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది.