తెలుగు మానేయమన్నారు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఏ తెలుగింటి పిల్లాడికి మాట ఆలస్యమైనా చుట్టుపక్కల వాళ్ళు చెప్పే కారణం ఒకటే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, పిల్లాడు తికమక పడుతున్నాడు, ఏదో ఒక్క భాషే మాట్లాడండి అంటారు. ఆ ఒక్కటీ ఒడియానే అవ్వాలట, రేపు బడిలో కావాల్సింది అదే కదా అని. మా చిన్నోడికి మూడేళ్ళు దాటుతున్నప్పుడు పక్కింటి వాళ్ళ దగ్గర్నుంచి ఒక పిల్లల డాక్టరు దాకా మాకూ ఇదే చెప్పారు. నేను మానలేదు. మావాడిది భాషల తికమక కాదు, ఆటిజం అని తర్వాత తేలింది, అంటే మాటా, చూపూ, ఎదుటివాళ్ళతో కలవడమూ వేరే తీరులో ఎదగడం. తెలుగు ఎందుకు మానలేదో, తర్వాత ఏం చేశామో మనలాంటి సరిహద్దు ఊళ్ళ అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

మావాడికి అసలు మాటే లేదని కాదు. పలాస స్టేషన్లో విన్న రైలు అనౌన్స్‌మెంటు "యాత్రీగణ్ కృపయా" దగ్గర్నుంచి చివరి దాకా అదే గొంతుతో అప్పజెప్పేవాడు. కానీ దాహం వేస్తే నీళ్ళు అనేవాడు కాదు. నా మణికట్టు పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్ళి, నా చేతిని తీసి గ్లాసు మీద పెట్టేవాడు. ఆ సమయంలో నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. చందమామని వేలు పెట్టి చూపించడం, గోడ మీద కాకి వాలితే మా వైపు తిరిగి నవ్వడం, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడం, ఇవేవీ లేవు. రెండు భాషలు వింటూ పెరిగే పిల్లలు మాటలు కలిపేస్తారు, "పాణి కావాలి" అంటారు, మా వీధిలో సగం మంది పిల్లలు అలాగే మాట్లాడతారు. కానీ వేలు పెట్టి చూపించడానికి ఏ భాషా అక్కర్లేదు కదా! ఎవరేం చెప్పినా నా మనసు ఈ ఒక్క చోట ఆగిపోయేది.

మా అత్తయ్య వస కొమ్ము అరగదీసి నాలుకకి రాసింది, దిష్టి తీసింది. "ఏటమ్మా అంత కంగారు, గుంటడు మాటాడతాడులే, మీ మావయ్యకి ఐదో ఏడు దాకా మాటల్లేవు" అనేది. ఆవిడకి మనవడంటే ప్రాణం. అలా అనేది మాకు ధైర్యం చెప్పడానికే. కానీ మాట ఆలస్యంతో పాటు చూపు కలపకపోవడం, పిలిస్తే పలకకపోవడం కూడా ఉంటే ఐదో ఏడు దాకా ఆగకూడదు. పద్దెనిమిది నెలలకీ, రెండేళ్ళకీ ఒకసారి చూపించుకోమని పిల్లల వైద్యులు చెబుతున్నది ఇందుకే.

మాకు దారి దొరికింది అంగన్‌వాడీలో. 2013లో మొదలైన ఆర్బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే పిల్లల ఆరోగ్య పథకం కింద ఒక వైద్య బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు, ఎదుగుదలలో ఆలస్యం కూడా వాళ్ళు చూడాల్సిన వాటిలోనే ఉంది. మన పిల్లలు నెలకి సరిపడా బరువున్నారా అని చూసి వెళ్ళిపోతారనుకుంటాం. అడిగితే చీటీ రాసిస్తారు, ఆ చీటీతో జిల్లా పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చు. అక్కడ మాకు మొదట చెప్పింది చెవుల పరీక్ష. వినపడని పిల్లలూ పిలిస్తే పలకరు, కాబట్టి అది తేలకుండా ముందుకి వెళ్ళకూడదు.

బెరా అనే ఆ పరీక్ష పిల్లాడు నిద్రలో ఉండగా చెయ్యాలి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లారగట్ల లేపేయమన్నారు. బరంపురం వెళ్ళే దారంతా వాణ్ణి నిద్రపోనివ్వకుండా ఉంచడమే మా పని. కిటికీ తీశాం, తడి రుమాలుతో ముఖం తుడిచాం, వాళ్ళ నాన్న వాడి చెవిలో అదే రైలు అనౌన్స్‌మెంటు చెప్పుకుంటూ కూర్చున్నారు. తీరా అక్కడ నిద్రమందు పట్టించాక కూడా చాలాసేపు కళ్ళు మూయలేదు. చివరికి నిద్రపోయాక నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించి చూశారు. వినికిడి బాగుంది. ఆ మాట వినగానే సంతోషమూ వేసింది, అయితే మరేంటి అని గుండెలో రాయీ పడింది.

ఆటిజం ఉందో లేదో తేల్చే అసెస్‌మెంటు విశాఖపట్నంలో చేయించాం. కారణం భాషే. పిల్లాడికి ఏం అర్థమవుతుందో చూడాలంటే వాడు ఇంట్లో వినే భాషలో అడగాలి. ఒడియాలో "చెప్పులు తీసుకురా" అంటే మావాడు కదలడు, అది వాడికి రాని భాష కాబట్టి. దాన్ని తీసుకెళ్ళి ఆటిజం లెక్కలో వేస్తే అన్యాయం. మీరు బరంపురం వెళ్ళినా, భువనేశ్వర్ వెళ్ళినా మా ఇంట్లో తెలుగు అని మొదటి నిమిషంలోనే చెప్పండి. తెలుగు వచ్చిన వాళ్ళు లేకపోతే మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగించమనండి.

ఆ గదిలో జరిగింది నాకు బాగా గుర్తుంది. నేల మీద చాప. డాక్టరమ్మ సబ్బు బుడగల సీసా తీసి ఊదింది. వాడు గెంతాడు, చప్పట్లు కొట్టాడు. ఆవిడ మూత గట్టిగా బిగించి సీసా వాడి చేతికిచ్చి ఊరుకుంది. వాడు మూత తిప్పబోయాడు, రాలేదు. ఆవిడ చెయ్యి తీసుకుని మూత మీద పెట్టాడు. ముఖంలోకి చూడలేదు. ఆవిడ కదలకుండా ఆగింది. నేను లేచి మూత తీసేద్దామనుకున్నా, ఈయన నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. అప్పుడు నాకర్థమైంది, ఆ సీసా ఆట కాదు, అదే పరీక్ష. తర్వాత మమ్మల్ని చాలాసేపు అడిగారు, పుట్టినప్పుడు ఏడ్చాడా దగ్గర్నుంచి మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటాడా దాకా. ఐసా అనే మన దేశపు స్కేలు ఉంది, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. అందులో నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం కింద లెక్క. రక్తపరీక్షలోనో స్కానింగులోనో తేలేది కాదిది, చూసి, అడిగి తేల్చేదే. అందుకే ఐదు నిమిషాల్లో "ఆటిజం" అని రాసేవాళ్ళనీ, ఐదు నిమిషాల్లో "ఏం లేదు" అని పంపేసేవాళ్ళనీ నమ్మొద్దు.

భాష సంగతి నేనే అడిగాను. "మీరు వాణ్ణి ఏ భాషలో ముద్దు చేస్తారు?" అన్నారావిడ. తెలుగులోనే అన్నాను. "అయితే అదే ఉంచండి" అన్నారు. రెండు భాషల ఇళ్ళలో పెరిగిన ఆటిజం పిల్లలు ఆ కారణంగా వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదని వివరంగా చెప్పారు. అమ్మకి సరిగ్గా రాని భాషలో అమ్మని మాట్లాడమంటే పిల్లాడికి దక్కే మాటలే తగ్గిపోతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు మన ఊళ్ళోనే ఉండి, ఇక్కడి కొండల్లోని సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు, దానికోసం తానే ఆ భాష నేర్చుకున్నారు. ఆయన తిరిగిన వీధుల్లో మన పిల్లల దగ్గర్నుంచి ఇంటి భాష తీసేయమంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

మా ఆడపడుచు కొడుకుది వేరే కథ. వాడికి ఎనిమిదేళ్ళు, కుదురు లేదు, నోట్సు సగంలో వదిలేస్తాడు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, అని తేల్చేముందు బడి టీచరు చేత కూడా ప్రశ్నల కాగితం నింపించారు. ఇంట్లో ఒక్కచోటే కనిపిస్తే సరిపోదు, రెండు చోట్లా ఉండాలి, పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. ఇక్కడ ఒక చిక్కుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, చదువులో ప్రత్యేక ఇబ్బంది ఉంది, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. కాబట్టి అలాంటి పిల్లలకి చదవడం, రాయడంలో కూడా ఇబ్బంది ఉందేమో విడిగా పరీక్ష చేయించాలి.

కాగితాల విషయంలో సరిహద్దు గుర్తుపెట్టుకోండి. పాతపట్నం ఆటోలో వెళ్ళొచ్చేంత దగ్గరే, కానీ అది వేరే రాష్ట్రం. అసెస్‌మెంటు ఆంధ్రాలో చేయించినా మేం వైకల్య సర్టిఫికెట్టుకి మన గజపతి జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డుకే వెళ్ళాం, విశాఖ రిపోర్టు పట్టుకుని. స్వావలంబన్ అనే సర్కారు వెబ్‌సైట్లో దరఖాస్తు పెడితే యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు వస్తుంది, అది దేశమంతా చెల్లుతుంది. చాలా సౌకర్యాలకి 40 శాతం వైకల్యం ఉండాలి. వికలాంగుల కోసం భీమభోయి పేరుతో ఒడిశా సర్కారు బ్లాకుల్లో పెట్టే శిబిరాల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. సర్టిఫికెట్టు ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాకి చేరొచ్చు, లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. చుట్టాల్లో కొందరు "ఆ ముద్ర ఎందుకు" అన్నారు. ముద్ర లేకపోతే థెరపీ డబ్బు వాళ్ళిస్తారా?

స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తాం, ఆటిజం నయమైపోతుంది అని ఫోన్లు వస్తాయి. ఎక్కడో మన నంబరు పట్టుకుంటారు. ఆటిజానికి ఆ వైద్యం సిఫార్సు చెయ్యడం లేదని 2022లోనే దేశంలో డాక్టర్లకి నియమాలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు చెప్పింది. పొలం అమ్మి వాళ్ళ చేతిలో పెట్టకండి.

థెరపీకి శ్రీకాకుళం వెళ్తున్నాం. అక్కడ నేర్పింది ఇంట్లో చేస్తేనే ఫలితం. బిందె దగ్గర వాడు నా చెయ్యి గ్లాసు మీద పెడితే నేను వెంటనే ముంచను, వాడి కళ్ళ ఎత్తుకి వంగి, "నీళ్ళు" అని ఆగుతాను. అత్తయ్య ఇప్పుడు నాకన్నా ఓపిగ్గా ఆగుతుంది. మొదట్లో చూపు కలిసింది, తర్వాత "నీ" వచ్చింది, ఈమధ్య "నీలు" అంటున్నాడు. రోజూ అనడు.

ఈసారి బడిలో వేస్తున్నాం, వీధి చివరి ఒడియా బడిలోనే. మేడమ్‌కి ఒడియాలో ఒక కాగితం రాసిచ్చాం. పేరు పిలిస్తే పలక్కపోతే ఎదురుగా వచ్చి పిలవండి. గంట కొట్టేముందు వాడికి చెప్పండి, చెవులు మూసుకుంటే మూసుకోనివ్వండి. దాహం వేస్తే మీ చెయ్యి పట్టుకుంటాడు, కొట్టడానికి కాదు. "బస" అంటే కూర్చోవాలని నేర్పుతున్నాం, అప్పటిదాకా "కూర్చో" అనండి, వింటాడు. ఆవిడ చదివి, ఆ తెలుగు మాటని రెండుసార్లు పలికి, సరిగ్గా అన్నానా అని అడిగారు.