అమీర్‌పేటలో దిగడం మర్చిపోయాక

పోయినేడాది ఫిబ్రవరిలో ఒకరోజు ఎప్పట్లాగే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు మారాలి. తలెత్తి చూసేసరికి ఎర్రగడ్డ స్టేషన్. ఆ వారంలో అది రెండోసారి. చేతిలో ఫోను లేదు, కునుకూ తీయలేదు. ముందురోజు ఒక క్లయింటు అడిగిన ప్రశ్న దగ్గర మొదలైన ఆలోచన ఎక్కడెక్కడికో పోయింది, అంతే.

ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఎర్రగడ్డ పేరు చెబితే చాలు. మానసిక వైద్యశాల అక్కడుంది కాబట్టి, ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలె" అనేస్తారు. ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చాను. 38 ఏళ్ళొచ్చాయి, రోజూ దిగే స్టేషన్‌లో దిగలేకపోతున్నానే అని.

నేను అకౌంటెంటును. నెలనెలా 14న క్లయింట్ల కొనుగోలు బిల్లుల జీఎస్టీ పట్టిక (టూ-బీ) వస్తుంది, 20లోపు నెలవారీ రిటర్ను (త్రీ-బీ) వేయాలి. ఆ మధ్య రోజులన్నీ ఫైలు తెరవడం, మూయడం. 19 రాత్రి పదింటికి కూర్చుంటే మాత్రం తెల్లవారుజామున నాలుగింటి దాకా కదలను, ఒక్క బిల్లు కూడా తప్పిపోదు. "తలుచుకుంటే చేస్తావమ్మా, తలుచుకోవు, అంతే" అనేవారు మా సార్. నేనూ అదే నమ్మాను. ఒకసారి ఒక చిన్న కిరాణా షాపు ఫైలు పూర్తిగా మర్చిపోయి, తొమ్మిది రోజులకు గుర్తొచ్చి, రోజుకు 50 చొప్పున 450 రూపాయలు లేటు ఫీజు నేనే కట్టాను. ఆ షాపాయన "పర్లేదులే అమ్మా" అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) అనే మాట నాతో మొదట అన్నది ఆఫీసులో పక్క సీటు అమ్మాయి. వాళ్ళ బాబుకు ఉంది. "అక్కా, డాక్టరు మా వాడి గురించి అడిగినవన్నీ నీకే సరిపోతున్నయ్" అంది. కోపమొచ్చింది. ఆ రాత్రే కూర్చుని మూడింటి దాకా చదివాను. ప్రతి లక్షణమూ నాదే అనిపించింది. అలా అనిపించినందుకే అనుమానం కూడా వచ్చింది. ఎవరు చదివినా ఇలాగే అనిపిస్తుందేమో? నా బద్ధకానికి మంచి పేరు వెతుక్కుంటున్నానేమో? నాలుగు నెలలు ఇదే నలిగాను. జబ్బు కంటే ఆ నాలుగు నెలలే ఎక్కువ కష్టపెట్టాయి.

మొదట వెళ్ళిన డాక్టరు ఐదు నిమిషాల్లో తేల్చేశారు: "బీకాం ఫస్ట్ క్లాసులో పాసయ్యారు, మీకు ఏడీహెచ్‌డీ ఏమిటి? పెళ్ళయ్యాక ఆడవాళ్ళకు ఈ టెన్షన్లు మామూలే." ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

రెండో డాక్టరమ్మ కూడా వెంటనే అవునని అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి ఇచ్చి నింపమన్నారు. నింపాక, "ఇది వడపోత మాత్రమే అమ్మా, దీంతో తేలదు" అన్నారు. థైరాయిడ్, రక్తం పరీక్షలు రాశారు. నిద్ర గురించి, దిగులు గురించి, గుబులు గురించి చాలాసేపు అడిగారు, అవి ఉన్నా ధ్యాస ఇలాగే చెదురుతుందట. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 9.2. మూడు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నాను, పదకొండింటికల్లా పడుకోవడం అలవాటు చేసుకున్నాను. నీరసం పోయింది. ఫైలు తెరిచి మూయడం పోలేదు.

అప్పుడు అడిగారు: "పన్నెండేళ్ళలోపు ఎలా ఉండేవారు? చెప్పగలిగినవాళ్ళు ఉన్నారా?" పెద్దయ్యాక నిర్ధారించాలంటే ధ్యాస చెదిరే రకంలోని తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ రెండుచోట్లా ఇబ్బంది పెట్టాలి, చిన్నప్పుడే మొదలై ఉండాలి.

సూర్యాపేట నుంచి అమ్మ వచ్చింది. వస్తూ వస్తూ ఇనప్పెట్టెలోంచి నా ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. మడతల దగ్గర చిరిగి, అంచులు పసుపు రంగుకు తిరిగిన అట్ట. లెక్కల్లో 94. కింద టీచరు నీలం సిరాతో రాసిన వాక్యం: "తెలివైన పిల్ల. క్లాసులో ఉండి కూడా ఉండదు." డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివారు. అమ్మ తనంతట తనే చెప్పసాగింది: "ఉప్పు తెమ్మని పంపితే తొవ్వలనే మర్చిపోయేది మేడం. పలకలు ఎన్ని పోగొట్టిందో లెక్కే లేదు. గల్లాటేం చెయ్యకపోయేది, సప్పుడు చెయ్యక కూసునేది." అల్లరి చెయ్యని ఆడపిల్లల్లో ఇది ఎవరి కంటా పడకుండా పోవడం చాలా ఎక్కువని డాక్టరమ్మ అన్నారు.

ఆటోలో తిరిగొస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పలకలు పోగొట్టినవని ఎన్నిసార్లు కొట్టిన్నో బిడ్డా. నాకెట్ల తెల్వాలె?" నాకు మాట రాలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు.

ఏడీహెచ్‌డీయే అని తేలాక, అటొమోక్సెటిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలైంది. మొదటి రెండు వారాలు వికారం, నోరెండిపోవడం. ప్రతిసారీ బీపీ, నాడి చూసేవారు. ఐదో వారం దాకా ఏ తేడా తెలియలేదు. తర్వాత ఒక నెల, 15న తెరిచిన ఫైలు 15నే పూర్తయింది. మందుతో పాటు పనిని చిన్న ముక్కలుగా విడగొట్టుకోవడమూ నేర్పారు. ఇప్పుడు అమీర్‌పేట ముందు స్టేషన్ పంజాగుట్ట రాగానే లేచి తలుపు దగ్గర నిలబడతాను. అయినా పోయిన నెల ఒకసారి ఎస్‌ఆర్ నగర్‌లో దిగాల్సి వచ్చింది. ఎదురు రైలెక్కి వెనక్కి వచ్చాను, ఏడవలేదు.

మా చిన్నది మూడో తరగతి. బడి తెరిచినప్పటి నుంచి మూడో నీళ్ళ సీసా పోగొట్టుకుంది. నిన్న సాయంత్రం గుమ్మం దగ్గరే నిలబడి, తిడతానేమోనని నా మొహం చూస్తోంది. బ్యాగు ఇద్దరం కలిసి వెతికాం, దొరకలేదు. కొత్త సీసా మీద మార్కరుతో పేరు తననే రాయమన్నాను. వంశంలో నడిచేదే ఇదని డాక్టరమ్మ చెప్పారు. వచ్చే నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు పాప సంగతి కూడా అడుగుతాను.