బాబు వచ్చాక మా చిట్టి

చెల్లి పురిటికి విజయనగరం వచ్చినప్పుడు అమ్మ మొదట అన్న మాట, మా పిల్లి చిట్టిని ఎవరికైనా ఇచ్చేయమని. నాకు మనసొప్పలేదు.

బాబు ఇంటికి రాకముందే ఆసుపత్రి నుంచి వాడి పొత్తిగుడ్డ ఒకటి తెచ్చి, చిట్టి పడుకునే గోనెసంచి పక్కన పెట్టాను. రెండుసార్లు వాసన చూసి, మూతి రుద్ది, దాని మీదే ముడుచుకుంది. సగం టెన్షన్ అక్కడే పోయింది.

ఉయ్యాల ఉన్న గదిలోకి మాత్రం దాన్ని ఒంటరిగా అస్సలు వదలం, ఎందుకంటే పిల్లి వెచ్చదనం కోసం బిడ్డ మొహం దగ్గరికి చేరుతుంది, పసివాడు పక్కకి జరగలేడు, ఊపిరాడదు. రాత్రి తలుపు గడియ పెట్టాల్సిందే.

గోళ్ల కొసలు కత్తిరించాం, రేబిస్ టీకా వేయించాం. అది దొడ్డికి వెళ్లే మట్టి పెట్టె శుభ్రం చేసే పని చెల్లి కడుపుతో ఉన్నప్పటి నుంచీ నాదే. చేపల అన్నం పెట్టే వేళ మార్చలేదు.

ఇప్పుడు బాబు ఏడిస్తే చిట్టి గుమ్మం దగ్గర చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంటుంది.